జిద్దా, మదీనా విమానాశ్రయాల నుంచి హోటల్ వరకు: ఉమ్రా యాత్రికులు ప్రయాణాన్ని ఎలా ఏర్పాటు చేసుకోవాలి

ఉమ్రాకు (ఏడాదిలో ఎప్పుడైనా చేయదగిన మక్కా యాత్రకు) బయలుదేరేవారు విమాన టికెట్ల గురించి, హోటల్ గురించి నెలల ముందే ఆరా తీస్తారు. విమానం దిగిన చోటి నుంచి హోటల్ గది వరకు ఎలా చేరాలన్న విషయాన్ని మాత్రం చాలామంది అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చని వదిలేస్తారు. జిద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి మక్కా హరం షరీఫ్ (కాబా ఉన్న మస్జిద్) సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. రాత్రి నిద్ర లేకుండా, ఇహ్రాం (యాత్రా దీక్ష) వస్త్రాల్లో, సామాను బండి తోసుకుంటూ, వయసు మళ్లిన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని బయటి ద్వారం దగ్గర నిలబడినప్పుడు ఎవరో వచ్చి "మక్కా, మక్కా" అని పిలిస్తే, ఆ అలసటలో ధర గాని, లైసెన్సు గాని అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి ఈ నిర్ణయం ఇంటి దగ్గర ఉండగానే తీసుకోవాలి.

జిద్దా, మక్కాల మధ్య ఉన్న ఆ దూరం రైల్లోనైనా, కారులోనైనా, బస్సులోనైనా సులువుగానే గడిచిపోతుంది. కష్టమంతా రెండు కొసల్లో ఉంటుంది: టెర్మినల్ నుంచి వాహనం వరకు ఒకటి, మక్కా చేరాక హరం చుట్టుపక్కల చివరి నాలుగైదు కిలోమీటర్లు మరొకటి. మీ బృందంలో అందరికంటే తక్కువ నడవగలిగే మనిషి ఆ రెండు కొసలను ఎలా దాటుతారో ముందుగా ఆలోచించి, ఆ తర్వాతే వాహనాన్ని ఎంచుకోండి.

మొదట, మీ ప్యాకేజీలో ఏముందో రాతపూర్వకంగా తెలుసుకోండి

టూర్ ఆపరేటర్ ద్వారా వెళ్తున్నట్లయితే విమానాశ్రయం నుంచి హోటల్‌కు, మక్కా నుంచి మదీనాకు, తిరిగి విమానాశ్రయానికి ప్రయాణం సాధారణంగా ప్యాకేజీలో భాగంగానే ఉంటుంది. "ట్రాన్స్‌పోర్ట్ ఉంది" అన్న నోటి మాటతో సరిపెట్టుకోకండి. అది మీ కుటుంబానికి విడిగా వచ్చే కారా, లేక నలభై యాభై మంది ఎక్కే బస్సా. బస్సయితే వేరే విమానంలో వచ్చేవారి కోసం ఎంతసేపు ఆగుతుంది. హోటల్ గుమ్మం వరకు వస్తుందా, లేక వీధి చివర దింపుతుందా. విమానం ఆలస్యమైతే డ్రైవర్‌కు ఎవరు కబురు చెబుతారు అనే ప్రశ్నలకు జవాబులు వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. అక్కడ మిమ్మల్ని కలుసుకొనే ప్రతినిధి పేరు, సౌదీ ఫోన్ నంబరు కాగితంపై రాసుకొని, బృందంలో కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి. ఫోన్ చార్జింగ్ అయిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

మీరు ఏ విమానాశ్రయంలో, ఏ టెర్మినల్‌లో దిగుతారో నిర్ధారించుకోండి

జిద్దా విమానాశ్రయం అంటే ఒకే భవనం కాదు. కొత్తదైన టెర్మినల్ 1, నార్త్ టెర్మినల్, తెల్లని గుడారాల వంటి పైకప్పుతో 1981 నుంచి సేవలందిస్తున్న హజ్ టెర్మినల్ ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. సామానుతో ఒకదాని నుంచి మరొకదానికి నడిచి వెళ్లడం సాధ్యం కాదు. రైల్వే స్టేషన్ టెర్మినల్ 1ని ఆనుకొని ఉంది. అక్కడ దిగినవారు లోపలి దారుల్లోనే నడుచుకుంటూ రైలు దగ్గరకు చేరుకోవచ్చు. మిగతా టెర్మినళ్లలో దిగినవారు ముందుగా బస్సులోనో టాక్సీలోనో టెర్మినల్ 1కు రావాలి. ఈ అదనపు మెట్టు లెక్కలోకి వచ్చాక చాలా కుటుంబాలకు రైలు కంటే నేరుగా కారు ఎక్కడమే నయమనిపిస్తుంది. విమానయాన సంస్థలు టెర్మినళ్లు మారుస్తూ ఉంటాయి కాబట్టి, గత ఏడాది వెళ్లివచ్చిన బంధువు చెప్పిన మాటను నమ్ముకోకుండా, మీ టికెట్‌పై ఉన్న వివరాన్ని ప్రయాణానికి రెండు రోజుల ముందు మరోసారి చూసుకోండి.

ఇహ్రాంకూ ప్రయాణ ఏర్పాటుకూ ఉన్న సంబంధాన్ని గమనించండి

భారత్ నుంచి ఉమ్రా సంకల్పంతో నేరుగా జిద్దాకు వెళ్లే విమానం నేల మీద దిగకముందే మీఖాత్ హద్దును (ఇహ్రాం లేకుండా దాటకూడని సరిహద్దును) దాటుతుంది. అందువల్ల యాత్రికులు ఎక్కే ముందే ఇహ్రాం వస్త్రాలు ధరించి, విమానంలో మీఖాత్ సమీపించినప్పుడు నియ్యత్ (సంకల్పం) చేసుకొని తల్బియా (యాత్రలో పఠించే ప్రార్థన) చదవడం వాడుకలో ఉంది. అంటే జిద్దాలో దిగేటప్పటికే మీరు ఇహ్రాం నియమాలలో ఉంటారు. పాస్‌పోర్టు, డబ్బు, ఫోన్, హోటల్ కాగితాలు పెట్టుకోవడానికి నడుముకు కట్టుకొనే సంచి తప్పనిసరి, ఎందుకంటే ఆ వస్త్రాలకు జేబులు ఉండవు. రైళ్లలో, బస్సుల్లో ఏసీ చలి గట్టిగా ఉంటుంది కాబట్టి, పురుషులు భుజాల మీద కప్పుకోవడానికి కుట్టులేని దుప్పటి ఒకటి చేతి సంచిలో ఉంచుకోవాలి. తలను మాత్రం కప్పుకోకూడదు. కొన్ని కార్లలో డ్రైవర్లు మర్యాదగా అత్తరు గాని, సువాసన కలిపిన తడి టిష్యూలు గాని ఇస్తారు. ఇహ్రాంలో సువాసన వాడకూడదు కనుక వాటిని సున్నితంగా వద్దని, వాసన లేని టిష్యూలు వెంట తెచ్చుకోండి.

ముందుగా మదీనాకు వెళ్లేవారికి ఈ చిక్కు లేదు. వారు మామూలు దుస్తుల్లోనే దిగి, జియారత్ (పవిత్ర స్థలాల దర్శనం) ముగించుకొని మక్కాకు బయలుదేరేటప్పుడు ఇహ్రాం ధరిస్తారు. పెద్దవారిని తీసుకెళ్లే కుటుంబాలకు నా సలహా ఇదే: అవకాశం ఉంటే మదీనాలో దిగే విమానాన్ని ఎంచుకోండి. దూరప్రయాణపు అలసట తీరాక, స్థిమితపడిన మనసుతో ఉమ్రాకు బయలుదేరవచ్చు.

రైలు ఎక్కదలిస్తే

హరమైన్ హైస్పీడ్ రైలు 2018 అక్టోబరులో ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చింది. సుమారు 450 కిలోమీటర్ల ఈ మార్గంలో మక్కా, జిద్దా సులైమానియా, జిద్దా విమానాశ్రయం, కింగ్ అబ్దుల్లా ఎకనామిక్ సిటీ, మదీనా అనే ఐదు స్టేషన్లు ఉన్నాయి. గంటకు 300 కిలోమీటర్ల వేగాన్ని అందుకొనే ఈ రైలు విమానాశ్రయం నుంచి మక్కాకు దాదాపు గంటలోపే చేరుస్తుంది. మక్కా నుంచి మదీనాకు రెండు గంటల ఇరవై నిమిషాల వరకు పడుతుంది. అదే దూరం రోడ్డు మీద నాలుగున్నర నుంచి ఐదు గంటలు తీసుకుంటుంది.

టికెట్లను హరమైన్ రైలు అధికారిక వెబ్‌సైట్‌లో గాని, యాప్‌లో గాని, స్టేషన్ కౌంటర్‌లో గాని కొనవచ్చు. ప్రతి ప్రయాణికుడి పేరు, పాస్‌పోర్టు నంబరు అడుగుతారు కాబట్టి పాస్‌పోర్టులో ఉన్నట్లే అక్షరం పొల్లుపోకుండా నింపండి. మీ బ్యాంకు కార్డులో అంతర్జాతీయ లావాదేవీలను ముందే అనుమతించకపోతే చెల్లింపు దగ్గర పని ఆగిపోతుంది. ఛార్జీ రోజును బట్టి, రద్దీని బట్టి మారుతుంది. సౌదీలో శుక్ర, శనివారాలు సెలవు దినాలు కావడం వల్ల గురువారం సాయంత్రం రైళ్లు త్వరగా నిండిపోతాయి. రమజాన్‌లో, అందులోనూ చివరి పది రోజుల్లో, అప్పటికప్పుడు సీటు దొరుకుతుందని ఆశించకూడదు.

విమానం దిగిన వెంటనే ఉన్న రైలుకు టికెట్ కొనడం తొందరపాటు అవుతుంది. ఇమ్మిగ్రేషన్ వరుస, సామాను రావడానికి పట్టే సమయం, సిమ్ కార్డు తీసుకోవడం, నమాజు, ఇవన్నీ కలిస్తే రెండు గంటలు తేలికగా గడిచిపోతాయి. విమానం దిగే సమయానికి కనీసం మూడు గంటల తర్వాతి రైలును ఎంచుకోండి. త్వరగా పని పూర్తయితే స్టేషన్‌లో కూర్చోవచ్చు, కానీ వెళ్లిపోయిన రైలు వెనక్కి రాదు. బయలుదేరే సమయానికి కొద్ది నిమిషాల ముందే ద్వారాలు మూసేస్తారన్నది కూడా గుర్తుంచుకోండి.

సామాను విషయంలో రైలు విమానమంత ఉదారంగా ఉండదు. మనిషికి ఒక పెద్ద పెట్టె, ఒక చేతి సంచి ఉంటే ఇబ్బంది లేదు. అంతకుమించి మూటలు, అట్టపెట్టెలు ఉన్నవారు కారునో బస్సునో ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే పెట్టెలు ఎక్కించే పని, దించే పని పూర్తిగా మీదే. ఒంటరిగానో, ఇద్దరుగానో, తక్కువ సామానుతో, ఆరోగ్యంగా ఉన్న కాళ్లతో వెళ్లేవారికి మాత్రం రైలును మించిన ప్రయాణం లేదని నిస్సంకోచంగా చెప్పగలను.

టాక్సీ, యాప్ కార్లు

నలుగురైదుగురు ఉన్న కుటుంబం ఇలా లెక్కవేసుకోవాలి. రైలు టికెట్ ధరను మనుషుల సంఖ్యతో హెచ్చించి, దానికి మక్కా స్టేషన్ నుంచి హోటల్ వరకు అయ్యే టాక్సీ ఛార్జీని కలపండి. ఆ మొత్తాన్ని ఉబర్ గాని, కరీమ్ గాని చూపించే నేరు ఛార్జీతో పోల్చండి. ఈ యాప్‌లు రెండూ జిద్దా, మక్కా, మదీనాల్లో పనిచేస్తాయి. పెద్ద కుటుంబం, ఎక్కువ సామాను ఉన్నప్పుడు తేడా తగ్గిపోతుంది. మధ్యలో దిగి ఎక్కే శ్రమ తప్పుతుంది కనుక కొంచెం ఎక్కువైనా కారే మేలు. సాధారణ రద్దీలో గంట నుంచి గంటన్నరలో మక్కా చేరవచ్చు.

యాప్ వాడాలంటే ఇంటర్నెట్ ఉండాలి. ఎస్‌టీసీ, మొబైలీ, జైన్ సంస్థల కౌంటర్లలో పాస్‌పోర్టు చూపించి, వేలిముద్ర ఇచ్చి సిమ్ తీసుకోవచ్చు. యాప్‌ను భారత్‌లోనే డౌన్‌లోడ్ చేసి, మీ నంబరుతో నమోదు పూర్తిచేసుకోండి, ఎందుకంటే నమోదుకు వచ్చే ఓటీపీ సౌదీలో మీ భారత సిమ్‌కు అందకపోవచ్చు. కారు రాగానే నంబరు ప్లేటును యాప్‌లో చూపించిన నంబరుతో సరిపోల్చండి. సౌదీ ప్లేట్లపై అరబీ అక్షరాలతో పాటు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కూడా ఉంటాయి కాబట్టి ఇది కష్టం కాదు.

యాప్ వద్దనుకుంటే టెర్మినల్ బయట అధికారిక టాక్సీల వరుస దగ్గరకు వెళ్లి, అక్కడి సిబ్బంది చూపిన కారే ఎక్కండి. ఎక్కే ముందు మీటరు వేస్తారా, మొత్తం ఎన్ని రియాళ్లు, అది కారుకా లేక మనిషికా అన్న మూడు విషయాలు స్పష్టంగా తేల్చుకోండి. మనిషికి ఇంత అని చెప్పిన మాటను కారుకు ఇంత అని అర్థం చేసుకోవడం వల్లే గొడవలు ఎక్కువగా వస్తాయి. డ్రైవర్లలో ఉర్దూ, హిందీ తెలిసినవారు చాలామంది ఉంటారు కాబట్టి భాష విషయంలో భయపడనవసరం లేదు.

లోపలి హాలులోనే మిమ్మల్ని పలకరించి, సామాను బండి మీద చెయ్యి వేసి పార్కింగ్ వైపు తీసుకెళ్లేవారితో వెళ్లకండి. లైసెన్సు లేకుండా ప్రయాణికులను ఎక్కించుకోవడం అక్కడ భారీ జరిమానా పడే నేరం. దారిలో తనిఖీ జరిగితే కారు ఆగిపోతుంది, మీరు ఇహ్రాంలో రోడ్డు పక్కన నిలబడాల్సి వస్తుంది. ప్రమాదం జరిగితే బాధ్యత తీసుకునేవారు కూడా ఉండరు. కొన్ని రియాళ్ల తగ్గింపు కోసం తల్లిదండ్రులను అలాంటి కారు ఎక్కించడం సరికాదని గట్టిగా చెబుతున్నాను.

మక్కా పొలిమేరలో తనిఖీ కేంద్రాలు ఉంటాయి. ముస్లిమేతరులకు నగరంలో ప్రవేశం లేదు. హజ్ సీజన్‌లో హజ్ వీసా లేదా అనుమతి పత్రం లేని యాత్రికులను కూడా వెనక్కి పంపుతారు. అందరి పాస్‌పోర్టులు, వీసా కాగితాలు డిక్కీలోని పెట్టెలో పడిపోకుండా, ముందు సీటులో కూర్చున్నవారి చేతి సంచిలో ఉండాలి.

బస్సులు

ఖర్చు అన్నింటికంటే తక్కువగా ఉండాలనుకునేవారికి జిద్దా విమానాశ్రయం నుంచి మక్కాకు నగరాంతర బస్సులు ఉన్నాయి. వీటితో పాటు 2023లో టెర్మినల్ 1 నుంచి హరం షరీఫ్‌కు ఉమ్రా యాత్రికుల కోసం ఉచిత బస్సును ప్రారంభించారు. కింది అంతస్తులోని పెద్ద అక్వేరియం దగ్గర నుంచి అది బయలుదేరేలా ఏర్పాటు చేశారు. దిగగానే సమాచార కౌంటర్‌లో ఆ రోజు బస్సు ఉందా, తర్వాతిది ఎన్ని గంటలకు అని అడగండి. ఉంటే సంతోషంగా ఎక్కండి, కానీ మీ ప్రణాళిక మొత్తం దాని మీదే ఆధారపడి ఉండకూడదు. చిన్నపిల్లలు, వృద్ధులు ఉన్నప్పుడు బస్సు కోసం గంటల తరబడి వేచి ఉండడం వల్ల మిగిలే డబ్బు కంటే అలసటే ఎక్కువవుతుంది.

చివరి నాలుగు కిలోమీటర్లు

మక్కా రైల్వే స్టేషన్ రుసైఫా ప్రాంతంలో, హరం నుంచి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. స్టేషన్ బయట టాక్సీలు, మక్కా సిటీ బస్సులు దొరుకుతాయి. దూరం చూస్తే పది నిమిషాల దారిలా అనిపిస్తుంది. అయితే నమాజు వేళకు ముందు, తర్వాత హరం చుట్టుపక్కల రోడ్లపై వాహనాలను ఆపేస్తారు. శుక్రవారం జుమా (మధ్యాహ్నపు సామూహిక నమాజు) ముందు, రమజాన్‌లో ఇషా, తరావీహ్ అనే రాత్రి నమాజుల వేళల్లో అదే నాలుగు కిలోమీటర్లకు గంటకు పైగా పట్టవచ్చు. డ్రైవర్ "ఇక్కడి నుంచి కారు పోదు" అని దూరంగా ఆపితే అది అబద్ధమని అనుమానించకండి, చాలాసార్లు పోలీసులు నిజంగానే దారి మూసి ఉంటారు. రమజాన్‌లో బయటి నుంచి వచ్చే వాహనాలను నగరం అంచున ఉన్న పార్కింగ్ స్థలాల్లో నిలిపి, అక్కడి నుంచి బస్సుల్లో యాత్రికులను పంపే ఏర్పాటు కూడా ఉంటుంది.

కాబట్టి మీరు మక్కా చేరే వేళను నమాజు సమయాలతో సరిచూసుకోండి. ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత ఒక గంట గడిచాక మొదలై జుహర్‌కు (మధ్యాహ్నపు నమాజుకు) గంటన్నర ముందు వరకు ఉండే ఉదయపు వేళ, అలాగే అర్ధరాత్రి దాటాక వచ్చే వేళ సామానుతో చేరడానికి అనుకూలమైనవి. మీ విమానం వేళను బట్టి మగ్రిబ్‌కు (సూర్యాస్తమయపు నమాజుకు) కాస్త ముందు మక్కా చేరేలా ఉంటే, తొందరపడకుండా విమానాశ్రయంలోనే నమాజు చేసుకొని, కొంత తిని, తీరుబడిగా బయలుదేరండి.

హోటల్ ఏ ప్రాంతంలో ఉందన్నదాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. అజ్యాద్, ఇబ్రహీం ఖలీల్ రోడ్డు, మిస్ఫలా వంటి చోట్ల హరం దగ్గరే గాని, వాహనం గుమ్మం వరకు రాకపోవచ్చు. అజీజియాలో వాహనం సులువుగా వస్తుంది గాని, అక్కడి నుంచి ప్రతిరోజూ హరంకు మళ్లీ బస్సు ఎక్కాలి. గది బుక్ చేసే ముందే హోటల్ వారిని "కారు ఏ వీధి వరకు వస్తుంది, అక్కడి నుంచి ఎన్ని మీటర్లు నడవాలి, దారి ఎత్తుగా ఉంటుందా" అని అడగండి. మక్కా కొండల మధ్య కట్టిన ఊరు. రెండు వందల మీటర్ల నడక చదునుగా ఉన్నప్పుడు ఒకలా, నిటారు ఎక్కుడుగా ఉన్నప్పుడు మరోలా ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఈ ఒక్క ప్రశ్న యాత్రంతా మేలు చేస్తుంది. హోటల్ పేరు, చిరునామా అరబీలో ఉన్న కార్డు ఫొటోను ఫోన్‌లో దాచుకోండి.

గది చేరకుండా నేరుగా తవాఫ్‌కు (కాబా చుట్టూ ప్రదక్షిణకు) వెళ్లాలన్న ఆరాటం సహజం. అయినా ముందు సామాను హోటల్‌లో పెట్టి, నీళ్లు తాగి, కాసేపు కూర్చొని బయలుదేరండి. పెట్టెలతో హరం లోపలికి అనుమతించరు. వేర్వేరుగా వచ్చే బంధువులను కలుసుకోవడానికి "క్లాక్ టవర్ దగ్గర" అని చెప్పుకోకండి, అది చాలా పెద్ద సముదాయం. కింగ్ అబ్దుల్ అజీజ్ ద్వారం నంబరు 1, కింగ్ ఫహద్ ద్వారం నంబరు 79 లాగా ద్వారం నంబరుతో చెప్పుకోండి.

మదీనాలో దిగితే

ప్రిన్స్ ముహమ్మద్ బిన్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయం మస్జిదె నబవీకి (ప్రవక్త మస్జిద్‌కు) సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. విమానాశ్రయంలో రైల్వే స్టేషన్ లేదు. టాక్సీలో అరగంట లోపు హోటల్ చేరవచ్చు. మస్జిదె నబవీ వైపు సిటీ బస్సు కూడా ఉంది. ఇక్కడ ప్రయాణం జిద్దా అంత చిక్కుగా ఉండదు.

శ్రద్ధ పెట్టవలసింది మదీనా నుంచి మక్కాకు బయలుదేరే రోజున. కారులోనో బస్సులోనో వెళ్లేవారు నగరం దాటుతూ దారిలో ఉన్న జుల్ హులైఫా మీఖాత్ మస్జిద్ దగ్గర ఆగి, స్నానం, ఇహ్రాం, నియ్యత్ అన్నీ అక్కడే పూర్తిచేయవచ్చు. డ్రైవర్‌తో ఛార్జీ మాట్లాడేటప్పుడే అక్కడ ముప్పావు గంట ఆగాలని చెప్పండి. రైలు మాత్రం జుల్ హులైఫాలో ఆగదు. రైల్లో వెళ్లేవారు హోటల్‌లోనే స్నానం చేసి ఇహ్రాం ధరించి స్టేషన్‌కు రావాలి, నియ్యత్ ఎప్పుడు చేయాలో తమ ఆలింను (మత పండితుణ్ని) ముందే అడిగి ఉంచుకోవాలి. రైలు కదలగానే వేగం అందుకుంటుంది కాబట్టి మీఖాత్ చాలా త్వరగా దాటిపోతుంది. ఇహ్రాం బట్టలు పెద్ద పెట్టెలో ఉండిపోయి, పెట్టె సామాను అరలో ఉండిపోతే సరిదిద్దుకొనే వ్యవధి ఉండదు.

హజ్‌కు వెళ్లేవారికి

హజ్ కమిటీ ద్వారా గాని, హజ్ గ్రూపుల ద్వారా గాని వెళ్లేవారు వాహనం వెతుక్కోనవసరం లేదు. కేటాయించిన బస్సులోనే వెళ్లాలి, విడిగా టాక్సీ ఎక్కి బృందం నుంచి తప్పిపోకూడదు. పెద్ద పెట్టెలు వేరే వాహనంలో ఆలస్యంగా రావచ్చు కాబట్టి రెండు రోజుల మందులు, ఒక జత బట్టలు, చెప్పులు, కొద్దిగా తినుబండారాలు చేతి సంచిలో ఉంచుకోండి. పెట్టెలపై కవర్ నంబరు (హజ్ కమిటీ మీ దరఖాస్తుకు ఇచ్చిన నంబరు) పెద్ద అక్షరాలతో నాలుగు వైపులా రాయండి. నుసుక్ కార్డును (హజ్ యాత్రికుల గుర్తింపు కార్డును) మెడలోంచి తీయకండి. భారత ప్రభుత్వం 2024లో తెచ్చిన హజ్ సువిధా యాప్‌ను ఇంటి దగ్గరే ఫోన్‌లో వేసుకోండి.

తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పటి కంటే వచ్చేటప్పుడే విమానాలు తప్పిపోయే ప్రమాదం ఎక్కువ. విమాన సమయానికి నాలుగు గంటల ముందు విమానాశ్రయంలో ఉండేలా, రోడ్డు ప్రయాణానికి రెండు గంటలు కలిపి, మామూలు రోజుల్లో ఆరు గంటల ముందు మక్కా హోటల్ వదలండి. రమజాన్‌లో, శుక్రవారాల్లో మరో గంట, రెండు గంటలు కలుపుకోండి. బయలుదేరే వేళ నమాజు సమయంలో పడితే, ఆ నమాజుకు గంటన్నర ముందే సామాను వాహనంలోకి ఎక్కి ఉండాలి. వీడ్కోలు తవాఫ్‌ను ఆ లెక్క ప్రకారం ముందే ముగించుకోండి.

డ్రైవర్‌కు "ఎయిర్‌పోర్ట్" అని మాత్రమే చెబితే అతను ఏ టెర్మినల్‌కైనా తీసుకెళ్లవచ్చు. టెర్మినల్ పేరు స్పష్టంగా చెప్పి, టికెట్ చూపించండి. రైల్లో వచ్చి నార్త్ టెర్మినల్‌కో హజ్ టెర్మినల్‌కో మారాల్సిన వారు దానికి ఒక గంట విడిగా పెట్టుకోవాలి. జమ్ జమ్ నీటిని (హరంలోని పవిత్ర బావి నీటిని) సొంత డబ్బాల్లో నింపి పెట్టెల్లో దాచకండి, తనిఖీలో తీసేస్తారు. అధికారిక అట్టపెట్టెలో ఉన్న ఐదు లీటర్ల డబ్బాను విమానాశ్రయంలో కొని, మీ విమానయాన సంస్థ దాన్ని అనుమతిస్తుందో లేదో చెక్ ఇన్ కౌంటర్ వరుసలో నిలబడకముందే అడిగి తెలుసుకోండి.